దారి చూసి పంపేవాళ్లు

పర్చూరు నుంచి ఎవరైనా జోహన్నెస్‌బర్గ్‌కో లాగోస్‌కో మేనేజరుగా వెళ్తున్నారంటే జీతమెంతని అడుగుతాం. అక్కడి దారి ముందుగా ఎవరు చూశారని అడగం. కంపెనీల కోసం ఆ పని చేసే భద్రతా నిపుణులంటే నాకెంతో గౌరవం.

మిర్చి టిక్కీ పైపైన చూసి ధర కట్టని వ్యాపారిలా, వాళ్లు దేశం పేరు విని తీర్పు చెప్పరు. ఏ వీధి? ఏ వేళ? డ్రైవరు ఎవరు? రోజూ ఒకే దారిలో వెళ్తున్నారా? జోహన్నెస్‌బర్గ్‌లో ఇంటి గేటు తెరుచుకునేలోపే కార్లు లాక్కుపోవడం తరచూ జరుగుతుంది. అందుకే వాళ్లు ముందు గేటు చూస్తారు.

2015 జులైలో లిబియాలోని సిర్తె విశ్వవిద్యాలయంలో పనిచేసే ఇద్దరు తెలుగు అధ్యాపకులను ఇంటికి బయలుదేరిన దారిలోనే, చెక్‌పోస్టు దగ్గర ఎత్తుకుపోయారు. విడుదలయ్యేసరికి 2016 సెప్టెంబరు వచ్చింది. ప్రమాదం కాపుకాసింది తరగతి గదిలో కాదు, విమానాశ్రయం దారిలో.

కోట్ల ఒప్పందం చేతిలో ఉన్న యజమానికి "ఈ వారం వద్దండీ" అని చెప్పగలగడం ఈ నిపుణుల వృత్తిలోకెల్లా కష్టమైన పని. వాళ్లు సరిగ్గా చేస్తే ఏమీ జరగదు, కాబట్టి ఎవరూ మెచ్చుకోరు.

వెళ్లేవాళ్లు ఆ నిపుణులు ఇచ్చిన నివేదికను కంపెనీని అడిగి తీసుకుని చదవండి. దిగగానే భారత దౌత్య కార్యాలయంలో పేరు నమోదు చేయించుకోండి.