తెల్లపొడికి నల్లతోడు

2025లో కితగావా, రాబ్సన్, యాఘీలకు రసాయన నోబెల్ వచ్చినప్పటి నుంచి ఎవరు కలిసినా ఒకటే ప్రశ్న: ‘ఆ మాఫ్‌లతో బ్యాటరీలు ఎప్పుడొస్తాయండీ?’ లోహపు అయాన్లను సేంద్రియ అణువులతో ముడివేసి అల్లిన జాలీలవి. లోపల బోలెడంత ఖాళీ. వాయువుల్ని పట్టి ఉంచాలంటే ఆ ఖాళీయే కావాలి. బ్యాటరీలో మాత్రం ఖాళీకి కూడా అద్దె కట్టాలి. 2007లో ఫ్రాన్స్‌లో ఫెరే, తారస్కోన్‌లు ఇనుముతో అల్లిన ఎంఐఎల్-53 అనే మాఫ్‌ని ఎలక్ట్రోడ్‌గా పెట్టి చూస్తే, గ్రాముకు దాదాపు 75 మిల్లీయాంపియర్ అవర్లు వచ్చాయి. ఎలక్ట్రిక్ బళ్లలో వాడే లిథియం ఐరన్ ఫాస్ఫేట్‌కి లెక్క ప్రకారం 170.

నాకు ఇష్టమైంది ఇంకా సాదాసీదా సరుకు, లిథియం టెరెఫ్తాలేట్. నీళ్ల సీసాల ప్లాస్టిక్‌లోకి వెళ్లే ఆమ్లమే దీనికీ మూలం. 2009లో అర్మాండ్, తారస్కోన్ బృందం దీన్నుంచి గ్రాముకు 300 దాకా రాబట్టి చూపించింది. ఆ ఆమ్లాన్ని లిథియం హైడ్రాక్సైడ్‌తో కలిపి ఆరబెడితే తెల్లపొడి వస్తుంది.

ఆ పొడిలో కరెంటు పారదు. కాబట్టి అగేట్ కల్వంలో కార్బన్ బ్లాక్ వేసి నూరాలి. ఆ మసి ఎంత తేలికంటే, మూత తీస్తే చాలు, గాల్లోకి లేచి మణికట్టు దాకా అంటుకుంటుంది. మొదట బూడిదరంగులో తెల్లచారలు కనిపిస్తాయి. అవి మాయమై అంతా ఒకే నలుపయ్యేదాకా నూరాల్సిందే. చేయి లాగుతోందని ఆపితే కొన్ని రేణువులకు మసి తగలదు. ఎలక్ట్రాన్ వాటిని చేరదు. అవి తూకంలో ఉంటాయి, చార్జింగ్‌లో ఉండవు. తర్వాత ఎన్‌ఎంపీ ద్రావకంలో కరిగించిన పీవీడీఎఫ్ బైండర్ పోసి, గరిటెజారుడుగా కలిపి, లోహపు రేకు మీద బ్లేడుతో లాగుతాం. ఆరాక రేకును వేలికి చుట్టి చూస్తాను. పెచ్చులు లేస్తే మళ్లీ కల్వం ముందుకే. ముసురు పట్టిన రోజున గాల్లో తేమకి బైండర్ ముద్ద కడుతుంది. ఆ రోజు పూత జోలికి పోకపోవడమే మేలు.

ఇప్పుడు అసలు లెక్క. ఆ తెల్లపొడి, అంటే లిథియం ఉప్పు, 60 పాళ్లు, కార్బన్ 30, బైండర్ 10 అనుకోండి. ఉప్పు గ్రాముకు 300 ఇస్తే, పూత గ్రాముకు వచ్చేది 180. ఇప్పటి బ్యాటరీల్లో రుణధ్రువంగా ఇదే చోట వాడే గ్రాఫైట్‌కి లెక్క ప్రకారం 372. దానికి ఇంత మసి తోడు అక్కర్లేదు కాబట్టి పూతలో కలిశాక కూడా పెద్దగా తగ్గదు. పైగా మొదటి విడతలోనే కొంత లిథియం ఈ మసి రేణువుల మీద పొరగా పేరుకుని, తిరిగి రాకుండా పోతుంది. ఇవేవీ చెప్పకుండా 300 అని శీర్షికలో పెట్టుకునేవాళ్లంటే నాకు కాస్త చిరాకే.

మరి దీన్ని పట్టుకుని వేలాడటం ఎందుకంటారా? ఇది పనిచేసేది లిథియం కన్నా సుమారు 0.8 వోల్టుల పైన. గ్రాఫైట్ సున్నాకి దగ్గర్లో పనిచేస్తుంది. అంత కిందికి దిగితే అల్యూమినియం లిథియంతో కలిసిపోతుంది కనుక రాగి రేకే వాడాలి. 0.8 దగ్గర ఆ బెడద లేదు. చవకైన, తేలికైన అల్యూమినియం రేకు సరిపోతుంది. తొందరగా చార్జ్ చేస్తే లిథియం లోహంగా పేరుకుపోతుందన్న భయమూ తగ్గుతుంది. అయితే సెల్ వోల్టేజీలో అంతమేరా కోత పడుతుంది. కారుకి ఆ కోత భరించరానిది. ఇంటి మూలన కదలకుండా కూర్చునే సోలార్ బ్యాటరీకి భరించదగిందేనని నా అభిప్రాయం.

మా ల్యాబ్ పిల్లల నోటుబుక్కుల్లో మాత్రం రెండు గళ్లు గీయిస్తాను: ఉప్పు గ్రాముకు ఎంత, పూత గ్రాముకు ఎంత. రెండోది నింపేటప్పుడు మొహాలు మాడ్చుకుంటారు. నింపాకే సంతకం పెడతాను.