పిలక కథల్లో తొందర ప్రేమ

ఒక పెద్ద కథ మొదట్లోంచి మరో కథ మొలకెత్తడం సాహిత్యంలో కొత్త సంగతి కాదు. అరటి మొదట్లో పిలక లేచినట్టు, ప్రజల నోళ్ళలో నలిగిన పురాణంలోంచో జానపద గాథలోంచో ఒక పాత్రనో ఒక ఘట్టాన్నో విడదీసి సొంత కాళ్ళ మీద నిలబెట్టడం మనవాళ్ళు ఎప్పటినుంచో చేస్తున్న పనే. 16వ శతాబ్దంలో పింగళి సూరన హరివంశంలోని ఒక ఘట్టం తీసుకుని 'ప్రభావతీ ప్రద్యుమ్నం' రాశాడు. ఈనాడు ఇంగ్లీషులో పదిహేను, పదహారేళ్ళ పాఠకుల కోసం వస్తున్న అద్భుత నవలల్లో ఇదొక పెద్ద వ్యాపారమైంది. ఒక నవల గెలిస్తే దాని వెనకటి కథ ఒకటి, పక్కింటి కథ ఒకటి వరసగా అచ్చవుతాయి.

ఇలాంటి పిలక కథల మీద తరచు వినవచ్చే ఆక్షేపణ ఒకటుంది. వీటిలో ప్రేమ తొందరపడుతుందని. నాయికా నాయకులు ఇలా చూసుకుంటారు, అలా ప్రాణాలిచ్చుకోవడానికి సిద్ధపడతారు. ఆ మనిషిలో ఈ మనిషికి ఏం నచ్చిందో పాఠకుడికి తెలియదు. తెలుసుకునే లోపలే యుద్ధమో, మాయో, శాపమో వచ్చి పడుతుంది.

దీన్ని శిల్పదోషంగా లెక్కగట్టి, రెండు అధ్యాయాలు పెంచితే సరిపోయేదని సలహా ఇచ్చి వదిలేయడం మామూలు. అంతటితో సరిపోదని నా అభిప్రాయం. కథలో కాలం ఒక సంపద. రచయిత దాన్ని పాత్రలకు పంచుతాడు. ఎవరికి ఎక్కువ ఇచ్చాడు, ఎవరికి ఎగ్గొట్టాడు అన్నది చూస్తే అతని దృక్పథం బయటపడుతుంది. తొందర ప్రేమల్లో కాలం ఎగ్గొట్టబడేది సాధారణంగా ఆడపిల్లకు. ఆమె ఆలోచించడానికి, అడగడానికి, కాదనడానికి పట్టే కాలమే కథలో లేకుండా పోతుంది.

ఈ మాట పరీక్షించడానికి అనంతపురం జిల్లా తాడిపత్రిలో పుట్టిన కె.వి. రెడ్డి (1912-1972) దర్శకత్వంలో వచ్చిన రెండు కథలను తీసుకుంటున్నాను. 'పాతాళ భైరవి' (1951), 'మాయాబజార్' (1957). రెంటికీ రచయిత పింగళి నాగేంద్రరావు. సాహిత్య పత్రికలో సినిమాల ప్రసక్తి ఎందుకని కొందరు అడగవచ్చు. తెలుగునాట చదువు వచ్చినవాళ్ళకీ రానివాళ్ళకీ అద్భుత కథ ఎలా ఉండాలో నేర్పినవి ఈ రెండే. 'వెండితెర నవల' అనే ప్రక్రియ మన భాషలో పుట్టిందంటే, తెర మీది కథను మళ్ళీ పుస్తకంగా చదువుకునే అలవాటు మనకుందనే కదా. పైగా రెండూ పిలక కథలే. మొదటిది మధిర సుబ్బన్న దీక్షితులు 'కాశీమజిలీ కథలు' మొదట్లోంచి, రెండోది భారతం మొదట్లోంచి మొలిచాయి.

*

కాశీమజిలీల కట్టడం గమనించదగింది. మణిసిద్ధుడనే యతికి కాశీయాత్రలో తోడు కావాలి. పశువులు కాసుకునే ఒక కుర్రవాడు వస్తానంటాడు, కాని ఒక షరతు పెడతాడు. దారిలో తాను చూసిన వింతల గురించి అడిగితే మజిలీ మజిలీకీ కథ చెప్పాలి. అంటే కథ ఇక్కడ శ్రమకు ప్రతిఫలం. పశుల కాపరి దాన్ని కూలిగా అడిగి పుచ్చుకున్నాడు. మన అద్భుత కథాసాహిత్యంలో ఇంతకంటే ప్రజాస్వామికమైన ఏర్పాటు అరుదు.

అలాంటి చెట్టుకు లేచిన పిలక 'పాతాళ భైరవి'. ఉజ్జయినిలో తోటమాలి కొడుకు రాముడు రాకుమారి ఇందుమతిని చూస్తాడు, ప్రేమిస్తాడు. ఆమె కూడా ప్రేమిస్తుంది. రాజు అతన్ని పట్టి బంధిస్తాడు. చివరికి, తనతో సమానమైన సంపద తెస్తే పిల్లనిస్తానంటాడు. రాముడు సంపద వెతుక్కుంటూ బయలుదేరి నేపాళ మాంత్రికుడి చేతిలో పడతాడు. పాతాళ భైరవికి బలివ్వడానికి మాంత్రికుడికి ఒక సాహసవంతుడైన యువకుడు కావాలి. ఆ సంగతి పసిగట్టిన రాముడు మాంత్రికుణ్ణే బలి ఇచ్చి, కోరింది ఇచ్చే ప్రతిమను సంపాదిస్తాడు. రాత్రికి రాత్రి మేడ లేస్తుంది. రాజు ఒప్పుకుంటాడు.

ఈ కథలో రాజు ఒక్కడే నిజం మాట్లాడాడు. పిల్లనివ్వడానికి అర్హత గుణం కాదు, ఆస్తి అని అతను దాచుకోకుండా చెప్పాడు. భూస్వామ్య సమాజంలో పెళ్ళి ఏమిటో ఒక్క షరతులో తేల్చాడు. రచయిత ఇంతవరకు ధైర్యంగానే వచ్చాడు. ఇక్కడ అతని ముందు రెండు దారులున్నాయి. ఆ షరతు అన్యాయమని కథ చేత అనిపించడం ఒకటి, ఆ షరతును తీర్చడం రెండోది. కథ రెండో దారి పట్టింది. షరతు చెక్కు చెదరలేదు. తోటమాలి కొడుకు కోటీశ్వరుడై దాన్ని నెగ్గాడు. అతని కులవృత్తి పేరులో మాత్రం మిగిలింది, తోట వెనకబడిపోయింది.

ఇప్పుడు ప్రేమ ఎందుకు తొందరపడిందో తెలుస్తుంది. తోటమాలి కొడుక్కీ రాకుమారికీ మధ్య ప్రేమ నిజంగా పెరగాలంటే ఎన్నో మాటలు నడవాలి. నీ ఇంట్లో నీళ్ళు ఎవరు తోడతారు, మీ అమ్మతో పాటు నేనూ తోటలో పని చెయ్యాలా, మా నాన్న కాదంటే ఏం చేద్దాం? ఈ ప్రశ్నలు ఇందుమతి అడగడం మొదలుపెడితే ఆమె ఏదో ఒకటి నిర్ణయించుకోవలసి వస్తుంది. గుడిసెకు వస్తానంటే రాజుగారి షరతుకు విలువ లేదు, ప్రతిమతో పని లేదు. రానంటే ప్రేమకు విలువ లేదు. ఏ జవాబు చెప్పినా కథ ఆగిపోతుంది. అందుకని రచయిత ఆమెకు ఆ సమయమే ఇవ్వలేదు. తర్వాత మాంత్రికుడి చెరలో ఆమె ధైర్యంగా అతన్ని తిరస్కరిస్తుంది, నిజమే. దుర్మార్గుణ్ణి తిరస్కరించే హక్కు ఆమెకు దక్కింది. నాయకుణ్ణి ప్రశ్నించే అవకాశం దక్కలేదు.

మరి ఆ కాలమంతా ఎవరికి దక్కింది? మాంత్రికుడికి. అతనికి ఒక పట్టుదల ఉంది, సాధన ఉంది, శిష్యుడున్నాడు, చచ్చి మళ్ళీ లేచి రావడానికి సంజీవని ఉంది. ఎస్.వి. రంగారావు మహానటుడు కావడం ఒక్కటే కారణం కాదు, జనానికి ఈనాటికీ నేపాళ మాంత్రికుడు జ్ఞాపకం ఉండి ఇందుమతి అంతగా గుర్తుండకపోవడానికి కథలో జరిగిన ఈ పంపకమూ కారణమే.

*

జానపద కథను వాస్తవిక నవల కొలబద్దతో కొలవకూడదని ఇక్కడ ఎవరైనా అభ్యంతరం చెప్పవచ్చు. తొలిచూపు ప్రేమ ఆ ప్రక్రియ స్వభావం అంటారు. అభ్యంతరంలో సగం న్యాయముంది. జానపద గాథ క్లుప్తమైంది. 'చూసింది, వలచింది' అని ఒక్క ముక్కలో చెప్పి ముందుకు పోతుంది. ఆ క్లుప్తత అందరికీ సమానం, రాక్షసుడి చావు కూడా ఒక్క ముక్కలోనే అయిపోతుంది. దాన్ని పెద్ద కథగా పెంచినప్పుడు చిక్కు మొదలవుతుంది. మాంత్రికుడి గుహ పెరిగింది, హాస్యం పెరిగింది, యుద్ధం పెరిగింది, పిల్ల మనసు మాత్రం ఆ ఒక్క ముక్క దగ్గరే ఉండిపోయింది. పెంచినవాడు ఏది పెంచాలో ఎంచుకున్నాడన్న మాట.

రాత్రికి రాత్రి లేచే మేడను వెక్కిరించడం కూడా నా ఉద్దేశం కాదు. సగటు వర్షపాతం 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూగా ఉండే ఈ నేల మీద ఆ కలకు బలమైన పునాది ఉంది. వేరుశనగ విత్తనం వేసి ఆకాశం కేసి చూసే రైతుకు శ్రమకూ ఫలితానికీ మధ్య లంకె తెగిపోయి చాలా కాలమైంది. తొలకరి వాన పడగానే వజ్రకరూరు చేలల్లో రాయి రాయీ ఏరి చూసే జనాన్ని తలుచుకోండి. పాత గుళ్ళలో గుప్తనిధుల కోసం తవ్వకాలు జరిగాయన్న వార్తలు తలుచుకోండి. అప్పు మీద అప్పు చేసి ఒక బోరు ఎండితే ఇంకొకటి వేసే రైతు కూడా పాతాళాన్నే అడుగుతున్నాడు. కష్టం ఫలించని చోట అదృష్టం మీద ఆశ పుట్టడం సహజం. ఆ ఆశను కథ చెయ్యడం రచయిత హక్కు. కాని ఆ నిధితో పాటు ఒక ఆడపిల్లను కూడా కట్టబెట్టి, దానికి ప్రేమ అని పేరు పెట్టడాన్ని మనం ప్రశ్నించక తప్పదు.

*

అదే దర్శకుడు, అదే రచయిత ఆరేళ్ళ తర్వాత చేసిన 'మాయాబజార్' చూస్తే, పిలక కథలో ప్రేమకు కాలం ఇవ్వడం సాధ్యమేనని తెలుస్తుంది. శశిరేఖా పరిణయం వ్యాసభారతంలో లేదు. జనం కల్పించుకున్నది, నాటకాలవాళ్ళు ఆడుకున్నది. పాండవులు తెర మీద కనిపించని భారత కథ ఇది. పెద్దల యుద్ధాన్ని పక్కకు నెట్టి పిల్లల పెళ్ళిని మధ్యకు తెచ్చారు.

ఇక్కడ శశిరేఖా అభిమన్యులు చిన్ననాటి నుంచి ఒకరినొకరు ఎరుగుదురు. మేనరికం, బలరాముడు చెల్లెలికి ఇచ్చిన మాట ఉంది. పాండవులు జూదంలో రాజ్యం పోగొట్టుకోగానే రేవతి మనసు మారుతుంది. ఆస్తి లేని మేనల్లుడు ఇక అల్లుడుగా పనికిరాడు. దుర్యోధనుడి కొడుకు సంబంధం వస్తుంది, అదీ ప్రేమతో కాదు, రేపటి యుద్ధానికి యాదవుల బలం కోసం. ఉజ్జయిని రాజు పెట్టిన షరతే ఇక్కడ రేవతి పెట్టింది. అయితే ఈ కథ ఆ షరతును తీర్చదు. అభిమన్యుడికి ఘటోత్కచుడు మేడ కట్టి ఇచ్చి సరిసమానం చెయ్యడు. మాయతో కట్టిన ఊరు ఆస్తిపరుల డాబును నవ్వులపాలు చెయ్యడానికి పనికొచ్చింది. ఉన్నవాళ్ళను ఎగతాళి చెయ్యడానికి వాడిన మాయకూ, ఉన్నవాళ్ళలో చేరడానికి వాడిన మాయకూ ఎంతో తేడా ఉంది.

అంతమాత్రాన లోపం లేదనుకోకూడదు. అసలు ఘట్టం వచ్చేసరికి శశిరేఖ నిద్రపోతుంది. పడక మీద నిద్రపోతున్నదాన్ని పడకతో సహా ఘటోత్కచుడు ఎత్తుకుపోయి, ఆమె రూపంలో తానే వచ్చి పెళ్ళికొడుకును హడలెత్తిస్తాడు. ఆమె తరఫున అల్లరి చేసినవాడు, ఎదిరించినవాడు ఒక మగవాడు. సావిత్రి నటనలో మనం చూసి మురిసిపోయే ఆ మొండితనం శశిరేఖది కాదు, ఘటోత్కచుడిది. ప్రేమించడానికి ఆమెకు కాలం ఇచ్చిన రచయిత పోరాడే కాలం మాత్రం లాక్కున్నాడు. అయినా ఒక సత్యం దొరికింది: ఆడపిల్లకు నోరుంటే ఈ పెళ్ళిపందిట్లో ఇంత గొడవ జరిగేదని ప్రేక్షకుడు కళ్ళారా చూశాడు.

*

బయటి ప్రపంచం నుంచి ఒక ఉదాహరణ. అమెరికా రచయిత్రి సుజానే కాలిన్స్ 2008లో 'ది హంగర్ గేమ్స్' నవలతో పేరు తెచ్చుకుంది. దాని పిలకగా, 64 ఏళ్ళ వెనకటి కథతో 2020లో 'ది బాలడ్ ఆఫ్ సాంగ్‌బర్డ్స్ అండ్ స్నేక్స్' వచ్చింది. మాయలు, మంత్రాలు లేని ఊహాలోకం అది. రాజధానిలో ఆస్తి పోగొట్టుకుని పరువు కాపాడుకుంటున్న కుటుంబం కుర్రవాడు కొరియొలేనస్ స్నో. గనుల జిల్లా నుంచి చావు ఆటకు పట్టి తెచ్చిన పాటగత్తె లూసీ గ్రే. అతను ఆమెను గెలిపించాలి, గెలిస్తే అతనికి భవిష్యత్తు. కొద్ది వారాల్లోనే ప్రేమ పుడుతుంది. తొందర ప్రేమ అనే ఆక్షేపణ దీని మీదా వచ్చింది.

అయితే ఇక్కడ కథంతా స్నో కళ్ళతోనే నడుస్తుందని గమనించాలి. అతను ఆమెను మొదటి నుంచీ 'నాది' అనే లెక్కలోనే చూస్తాడు. ఆమె మనసులో ఏముందో అతనికి తెలియదు, కాబట్టి మనకూ తెలియదు. ఇద్దరూ పారిపోదామని అడవి దాకా వెళ్ళాక, తన నేరానికి సాక్షి ఆమె ఒక్కతే మిగిలిందని అతనికి తోస్తుంది. ప్రేమ ఎంత వేగంగా పుట్టిందో అంత వేగంగా అనుమానమవుతుంది, తుపాకి పేలుతుంది. ఆమె ఏమైందో రచయిత్రి చెప్పదు. తొందర ఇక్కడ దోషం కాదు, వస్తువే. సొంతం చేసుకోవడాన్ని ప్రేమ అనుకున్నవాడు తర్వాత నియంత ఎలా అయ్యాడో చెప్పడానికి ఆ తొందర అవసరమైంది. ఎవరి తొందరో పాఠకుడికి తెలియజెయ్యడంలో ఆమె పనితనముంది.

*

మనవైపు చూసుకుందాం. 'చందమామ'లో దాసరి సుబ్రహ్మణ్యం 1954లో 'తోకచుక్క'తో మొదలుపెట్టి ఏళ్ళ తరబడి రాసిన అద్భుత ధారావాహికలు తరాల పిల్లల్ని చదువరుల్ని చేశాయి. కొడవటిగంటి కుటుంబరావు వంటి హేతువాది 1952 నుంచి 1980లో చనిపోయేదాకా ఆ పత్రికలో పనిచేశాడు. అద్భుతం అభ్యుదయానికి శత్రువు కాదని చెప్పడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు. అయితే ఆ ధారావాహికల్లో ప్రేమ ప్రధాన వస్తువు కాదు. పిల్లల పత్రికలో అది సబబే. ఆ పిల్లలు పదిహేనేళ్ళవాళ్ళయ్యాక మాత్రం మనం వాళ్ళ చేతికి ఏమిచ్చాం? ఆ వయసు పాఠకుణ్ణి అభ్యుదయ రచయితలు దాదాపు వదిలేశారు. అతను సినిమాకూ వారపత్రికకూ పోయి తొందర ప్రేమ నేర్చుకున్నాడు.

ఈ కరువు సీమలో ఆ పాఠానికి వేరే ధర ఉంది. పంట పోయిన ఏడు బడి మాన్పించి ఆడపిల్ల పెళ్ళి తొందరపెట్టే ఇళ్ళు ఇక్కడ ఇంకా ఉన్నాయి. ఆ పిల్లకు ఎవరూ కాలం ఇవ్వరు. సంబంధం కుదిర్చే తండ్రీ ఇవ్వడు, వెంటపడి ఒప్పుకోమనే కుర్రవాడూ ఇవ్వడు. ఆమె చదివే కథ కూడా ఇవ్వకపోతే, ఆలోచించుకుని జవాబు చెప్పడం అనేది ఒకటుంటుందని ఆమెకు ఎక్కడ తెలియాలి?

యువ రచయితలు అద్భుత కథలు రాయండి. మన నేల మీద కథలకు కరువు లేదు. మాంత్రికులనూ పాతాళాన్నీ వదులుకోనక్కర్లేదు. తోటమాలి కొడుకు రాకుమారిని ప్రేమించాడని రాయడానికి సంకోచించకండి. అయితే అతను అడిగాక ఆమె జవాబు చెప్పేదాకా కథను ఆపండి. ఆమె ఎన్ని ప్రశ్నలు వేస్తుందో వేయనివ్వండి. ఆ ప్రశ్నలకు నిలబడలేని కథ ఎంత పెద్ద మేడ కట్టి చూపించినా, రాజుగారి షరతుకు తల వంచిన కథే అవుతుంది.