చీకటి దేవుళ్లు, బల్లమీది యుద్ధాలు

బొమ్మలు పేర్చుకుని ఆడే యుద్ధాలను గూర్చి అభ్యుదయ సాహిత్య పత్రికలో వ్యాసమేమిటని కొందరికి ఆశ్చర్యం కలగవచ్చు. కాని కల్పన ఎక్కడ వున్నదో విమర్శకు అక్కడ పని వున్నది. ఒక మనిషి దేవుణ్ణి కల్పిస్తున్నాడు. ఆ దేవుడికి పుట్టుపూర్వోత్తరాలు, భక్తులు, శత్రువులు, శాపాలు రాస్తున్నాడు. తరువాత తన చేతులతో రెండంగుళాల విగ్రహం చేసి, రంగులు పూసి, బల్లమీద నిలిపి, పాచికలు వేసి యుద్ధం ఆడుతున్నాడు. ఇది పురాణ రచనా, శిల్పమా, ఆటా? మూడూను. డార్క్ ఫాంటసీ అని పిలిచే యీ సృష్టిలో నేడు మన విద్యార్థులు కూడా పాలుపంచుకుంటున్నారు.

దీన్ని గూర్చి మనలో రెండు అభిప్రాయాలు వినబడతాయి. ఇది పచ్చి పలాయనవాదమనీ, మూఢత్వానికి కొత్త ముసుగనీ ఒకటి. ఆటే కదా, దానిలో సిద్ధాంతం వెదకడమెందుకని రెండవది. ఈ రెండూ విమర్శకుడి బాధ్యతను తప్పించుకునే మార్గాలే. వస్తువును పరీక్షించకుండా ఖండించడం ఎంత తేలికో, పరీక్షించకుండా వదిలివేయడమూ అంతే తేలిక.

ముందు ఆట చరిత్ర చూద్దాం. చతురంగం పుట్టిన దేశస్థులకు బల్లమీది యుద్ధం కొత్తది కాదు. అయితే నేటి ఆటకు తక్షణ పూర్వరూపం ప్రష్యాలో కనిపిస్తుంది. రైస్‌విట్జ్ అనే ప్రష్యన్ 1812లో తాను చేసిన యుద్ధక్రీడను రాజుకు సమర్పించాడు. అతని కుమారుడు దానిని మెరుగుపరచి 1824లో సైనికాధికారుల శిక్షణకు అందించాడు. అంటే అది మొదట పాలకవర్గపు పనిముట్టు. దానిని సామాన్యుని ఇంటి నేలమీదికి దించిన వారిలో ముఖ్యుడు సోషలిస్టు రచయిత హెచ్. జి. వెల్స్. 1913లో వచ్చిన ‘లిటిల్ వార్స్’లో ఆయన స్ప్రింగు ఫిరంగులతో సీసపు సైనికులను పడగొట్టే నియమాలు రాశాడు. చివరకు ఆయన తేల్చిన మాట గమనించదగ్గది: ఈ బొమ్మల యుద్ధం నాలుగుసార్లు ఆడినవాడికి అసలు యుద్ధం ఎంత మతిలేని పనో తెలిసివస్తుందని. మరుసటి సంవత్సరమే మొదటి ప్రపంచయుద్ధం వచ్చింది. ఆట యుద్ధోన్మాదాన్నే పెంచుతుందన్న తొందరపాటు తీర్పుకు వెల్స్ ఒక్కడే చాలినంత జవాబు.

ఇక దేవుళ్ల సంగతి. నేటి చీకటి దేవుళ్లలో ఎక్కువ ప్రచారం పొందినవారు ఇంగ్లండులోని గేమ్స్ వర్క్‌షాప్ కంపెనీ ‘వార్‌హామర్’ ఆటలో వున్నారు. 1975లో ముగ్గురు మిత్రులు లండన్‌లో చెక్క ఆటబల్లలు చేసి అమ్మడానికి ప్రారంభించిన సంస్థ అది. 1983లో వార్‌హామర్, 1987లో దాని భవిష్యత్కాల రూపమైన ‘వార్‌హామర్ 40,000’ వెలువడ్డాయి. 1988, 1990 సంవత్సరాల్లో వచ్చిన రెండు సంపుటాల్లో నలుగురు అరాచక దేవతల స్వరూపం స్థిరపడింది. ఖోర్న్ క్రోధానికీ రక్తానికీ దేవుడు. నర్గల్ రోగానికీ కుళ్లుకూ, జీంచ్ మార్పుకూ మాయోపాయాలకూ, స్లానేష్ మితిమీరిన భోగానికీ అధిదేవతలు.

ఈ కల్పనలో బలమేమిటి? ఈ దేవుళ్లు మనుషులను సృష్టించలేదు. మనుషుల కోపం, నిరాశ, ఆశ, కోరిక పోగుపడి వీళ్లయినారు. భక్తుడి ఉద్వేగమే వీళ్ల ఆహారం. మనిషి తన స్వభావాన్నే తననుంచి వేరుచేసి, పైన నిలిపి, దానికి మొక్కుతాడని 1841లో ఫాయర్‌బాఖ్ చెప్పిన విషయం పండితులకు పరిమితమైంది. బల్లచుట్టూ కూర్చున్న పదహారేళ్ల కుర్రవాడు దానినే ఆట నియమంగా నేర్చుకుంటున్నాడు. ఇది తక్కువ సంగతి కాదు.

నర్గల్‌ను మరికాస్త పరిశీలించాలి. రోగమిచ్చే యీ దేవుడు క్రూరుడుగా గాక, తన భక్తులను పిల్లలవలె ప్రేమించే నవ్వుమొగం తాతగా చిత్రించబడినాడు. మనకిది చప్పున అర్థమవుతుంది. స్ఫోటకాన్ని అమ్మవారన్న జాతి మనది. ఊరి పొలిమేరలో రాయి నిలిపి, పసుపుకుంకుమలు పెట్టి, పోలేరమ్మా చల్లగా చూడమని జాతర చేసిన జనానికి భయాన్ని బంధుత్వంగా మార్చుకోవడం తెలుసు. కాని భేదం కూడా ఇక్కడే వున్నది. పోలేరమ్మను పిల్లలను పోగొట్టుకున్న తల్లుల దుఃఖం కల్పించింది. ఆ దుఃఖానికి మందు లేని కాలంలో ఆమె ఒక్కతే ఆసరా. 1977 తరువాత స్ఫోటకం సహజంగా ఎవరికీ సోకలేదు. 1980లో ప్రపంచ ఆరోగ్యసంస్థ దాని నిర్మూలనను ప్రకటించింది. టీకా గెలిచిన తరువాత కూడా అమ్మవారు మిగిలింది, ఊరిని కలిపే పండుగగా. నర్గల్ వెనుక ఏ ఊరూ లేదు. అతని రాజ్యంలో మందు కనుక్కునేవాడికి చోటూ లేదు.

ఈ కల్పనలోని ప్రధాన లోపం అదే. వార్‌హామర్ లోకంలో యుద్ధానికి ముగింపు లేదు. లెక్కలేని ప్రజలు పనిచేస్తూ, ఆకలితో మాడుతూ, చస్తూ వుంటారు గాని ఆ శ్రమ ఎవరికి లాభమో, దానిని మార్చే దారి ఏదో కథలో ప్రశ్నగా లేవదు. అది పుట్టిన కాలాన్ని గుర్తు చేసుకుంటే కారణం బోధపడుతుంది. థాచర్ పాలనలో 1984–85 గనికార్మికుల సమ్మె ఓడిపోయిన బ్రిటన్ అది. నిరంకుశ సామ్రాజ్యాన్ని వెక్కిరించే వ్యంగ్యం అందులో మొదటినుంచీ వున్నది. కాని వ్యంగ్యానికి ఆధారం వేరొక జీవితం సాధ్యమన్న నమ్మకం. ఆ నమ్మకం సన్నగిలితే వెక్కిరింపు క్రమంగా అలంకారమవుతుంది. ఆ సామ్రాజ్యం ఆదర్శం కాదనీ, అది వ్యంగ్యమనీ కంపెనీయే 2021లో బహిరంగ ప్రకటన చేయవలసివచ్చింది. విడమరచి చెప్పవలసివచ్చిన వ్యంగ్యం ఎంత మొద్దుబారిందో వేరే చెప్పనక్కరలేదు.

ఇంతకన్న పెద్ద ప్రశ్న యాజమాన్యానిది. ఈ దేవుళ్ల పక్కన ఒకప్పుడు మలాల్ అనే అయిదవ దేవుడు వుండేవాడు. తోటి అరాచక దేవతలనే ద్వేషించి, తన పక్షాన్నే నాశనం చేయబూనిన దేవుడు. ‘జడ్జ్ డ్రెడ్’ సృష్టికర్తల్లో ఒకడైన జాన్ వాగ్నర్, అలన్ గ్రాంట్‌తో కలిసి 1980లలో ఒక బొమ్మల కథకోసం అతన్ని కల్పించాడు. ఆ కల్పనపై హక్కు రచయితలదా, కంపెనీదా అన్న చిక్కుతో మలాల్ క్రమంగా ఆటనుంచి మాయమైనాడన్నది ఆటగాళ్లందరూ చెప్పుకునే సంగతి. దేవుళ్లు భక్తులు లేక చావడం చరిత్రలో వున్నది. దస్తావేజు లేక చచ్చిన దేవుడు మాత్రం మన యుగపు సృష్టి. ఇంకొక విచిత్రం చూడండి. అరాచకానికి గుర్తయిన ఎనిమిది బాణాల చక్రం మైకేల్ మూర్‌కాక్ 1960లలో తన కథలకోసం కల్పించింది. అందరి పెరట్లోనూ పూలు కోసి మాల కట్టిన కంపెనీ, ఆ మాలకు అదనపు రేకులు చేసి అమ్మిన చిన్న వర్క్‌షాపు మీద 2010లో అమెరికా కోర్టుకెక్కింది. 2013లో జ్యూరీ కొన్ని అంశాల్లో అటూ, కొన్నింటిలో ఇటూ తీర్పు చెప్పింది. 2024 డిసెంబరులో ఆ కంపెనీ లండన్ స్టాక్ మార్కెట్లోని అగ్రశ్రేణి నూరు కంపెనీల పట్టికకు ఎక్కింది.

దీనికి ఎదురుగా మరొక మనిషిని నిలబెడతాను. కాలిఫోర్నియాలో పేదరికంలో బతుకుతూ, పళ్లు కోసీ కట్టెలు కొట్టీ పొట్టపోసుకున్న కవి క్లార్క్ ఆష్టన్ స్మిత్. అతడు సథాగ్వా అనే చీకటి దేవుణ్ణి కల్పించాడు. ఆ కథ అచ్చుకాకముందే మిత్రుడు లవ్‌క్రాఫ్ట్ ఆ దేవుణ్ణి తన కథలో వాడుకున్నాడు. 1931 ఆగస్టులో లవ్‌క్రాఫ్ట్ కథ, నవంబరులో స్మిత్ కథ ఒకే పత్రికలో వచ్చాయి. ఎవరూ నోటీసులిచ్చుకోలేదు. లవ్‌క్రాఫ్ట్ జాతి దురహంకారాన్ని మనం క్షమించనక్కరలేదు. కాని ఆ మిత్రబృందంలో దేవుళ్లు ఉమ్మడి సొత్తు. తరువాతి కాలంలో స్మిత్ తన ప్రాంతపు మెత్తని రాళ్లను చెక్కి ఆ దేవుళ్ల చిన్న విగ్రహాలు చేశాడు. కల్పించిన బుద్ధీ, చెక్కిన చెయ్యీ ఒక్కరివే.

ఈ ఐక్యత నేటికీ పూర్తిగా నశించలేదు. కంపెనీ బొమ్మల తలలు కోసి మరో మొండేనికి అతికించేవారూ, రెండు రంగుల ముద్దలు కలిపి పిసికి గట్టిపడేలోగా సూదిమొనతో ముఖం తీర్చేవారూ, రంగుపూత మీద పలుచని ముదురురంగు వదిలి గుంటల్లో నీడ తెప్పించేవారూ ఎందరో వున్నారు. కొనుక్కున్నవాడు అక్కడ మళ్లీ తయారీదారు అవుతున్నాడు. తన శ్రమ ఫలితం అరచేతిలో చూసుకునే అవకాశం చాలా ఉద్యోగాలు ఇవ్వనిది. ఆ ఆనందాన్ని పలాయనం అనడం అన్యాయం.

ఒక ఉదాహరణతో ముగిస్తాను. పెట్టెలు కొనే స్తోమతులేని నా విద్యార్థి ఒకడు, నీళ్లగొట్టాల పగుళ్లు పూడ్చే ఎంసీల్‌తో, అగ్గిపుల్లలతో, పాడైన గడియారం చక్రాలతో ఒక దేవుణ్ణి చేసి తెచ్చాడు. పేరు లెక్కలయ్య. ముఖం వుండవలసిన చోట తక్కెడ పళ్లెం, చేతిలో పద్దుల పుస్తకం, పాదాల దగ్గర వేలిముద్రల గుట్ట. భక్తుడి అప్పు పెరిగినకొద్దీ అతని పొడవు పెరుగుతుందని కథ. వాడి తండ్రి కౌలురైతు. పనితనం మెచ్చుకున్నాను గాని ఒక అభ్యంతరం చెప్పాను. “అప్పు దేవుడిచ్చింది కాదోయ్. ఇచ్చినవాడికి పేరూ, ఇల్లూ వున్నాయి. వాణ్ణి దేవుణ్ణి చేస్తే దాచినట్లు కాదూ?” అన్నాను.

“మా ఊళ్లో ఆయన్ని ఇప్పటికే అందరూ దేవుడంటారు మాస్టారూ. నేను బొమ్మ మాత్రమే చేశాను” అన్నాడు.

నా అభ్యంతరం వీగిపోయింది. చీకటి దేవుళ్లకు మనం పెట్టవలసిన పరీక్ష ఏమిటో వాడే చెప్పాడు. ఈ విగ్రహం మనిషిని మరుగుపరుస్తున్నదా, బయట పెడుతున్నదా? వార్‌హామర్ దేవుళ్లు ఆ పరీక్షలో సగమే గట్టెక్కుతారు. లెక్కలయ్య నెగ్గుతాడు. అయితే ఒక్క లోటున్నది, అది వాడికీ చెప్పాను. ఆ దేవుణ్ణి ఓడించే నియమం ఆటలో ఇంకా రాయలేదు. ప్రస్తుతం ఆ నియమం రాస్తున్నాడు. పద్దు పుస్తకాన్ని ఎంతమంది కలిసి పట్టుకుంటే చిరుగుతుందన్న దగ్గర ఆగి వున్నాడు.