గీత బయట నడిచే రంపం

తిరుపతి నుంచి శ్రీకాళహస్తికి పోయే దారిలో ఏర్పేడు వస్తుంది. ఆ మండలంలోనే ఉంది మాధవమాల, కొయ్య శిల్పాలకు పేరున్న ఊరు. ఇలాంటి చోట విగ్రహాన్నో, దాని వెనక నిలిపే మకరతోరణాన్నో చూసినవాళ్లు ఉలి పనిని మెచ్చుకుంటారు. మెచ్చుకోవలసిందే. అయితే ఉలి పడకముందే ఆ శిల్పం తలరాత చాలావరకు తేలిపోతుంది. చెక్క మీద గీసిన బొమ్మ చుట్టూ, లోపలి ఖాళీల్లో అక్కర్లేని చెక్కను కోసి తీసేసే దశ అది. ఆ పనికి నేడు జిగ్‌సా మిషన్ చక్కగా సరిపోతుంది. మిషనే కదా అని కొత్తగా నేర్చుకునేవాళ్లు ఈ కోతను తేలిగ్గా తీసుకోవడమే నాకు బాధ.

ఎందుకంటే మన శిల్పానికి కొలత ప్రాణం. విష్ణుమూర్తి విగ్రహానికి శాస్త్రం చెప్పిన ఉత్తమ దశతాళం అనే కొలత 124 అంగుళాలు. ఈ అంగుళం టేపు మీద కనిపించేది కాదు. విగ్రహం ఎత్తును 124 భాగాలు చేస్తే అందులో ఒక భాగం. 62 సెంటీమీటర్ల విగ్రహానికి అంగుళం అంటే 5 మిల్లీమీటర్లు. రంపం రెండున్నర మిల్లీమీటర్లు లోపలికి జారిందంటే అర అంగుళం పోయినట్టే. భుజం దగ్గర పోతే కొంత సర్దుకోవచ్చు, ముక్కు దగ్గర పోతే ఏం చేస్తాం? కోసిన చెక్క తిరిగి అతకదు. అందుకే గీత మీద కోయకూడదు, గీత బయట ఒక మిల్లీమీటరు వదిలి కోయాలి. ఆ మిగిలింది ఆకురాయికి, ఉలికి. తిరుపతిలో తితిదే సంప్రదాయ శిల్ప కళాశాల కొయ్య శిల్పాన్ని ప్రత్యేక విభాగంగా నేర్పుతోంది. అలాంటి చదువుకు మిషన్ పోటీ కాదు. కొలత తెలిసిన చేతిలోనే అది పనికొస్తుంది.

1946లో స్విట్జర్లాండ్‌లో ఆల్బర్ట్ కౌఫ్‌మన్ అనే ఇంజినీరు కుట్టు మిషన్‌లో సూది తీసి రంపపు బ్లేడు బిగించి చూశాడు. జిగ్‌సా పుట్టుక అదే. దాని బలహీనత కూడా అక్కడే ఉంది: బ్లేడును పైనే పట్టి ఉంచుతారు, కింది కొస స్వేచ్ఛగా ఉంటుంది. పలక మందంగా ఉండి, వంపులో మనం పక్కకు నెట్టామంటే పైన గీత వెంటే పోతున్నట్టు కనిపిస్తుంది, కింద మాత్రం బ్లేడు వంగి ఎటో పోతుంది. పలక తిప్పి చూస్తే గానీ తప్పు తెలియదు. మందు ఒక్కటే, తొందర మానడం. ముందుకు మాత్రమే, బ్లేడు ఎంత కోయగలిగితే అంతే నెట్టాలి. వంపు దగ్గర మిషన్ వెనక భాగాన్ని నెమ్మదిగా తిప్పాలి. లోలకం మీటను సున్నాలో పెట్టాలి. బ్లేడును ముందుకూ వెనక్కూ ఊపే ఆ కదలిక పని త్వరగా తెముల్చుతుంది కానీ అంచు చెడగొడుతుంది. బిగువు వంపులకు సన్న బ్లేడు, మందమైన చెక్కకు పెద్ద పళ్ల బ్లేడు. అసలు పని మొదలుపెట్టే ముందు అదే మందం ఉన్న ముక్కను కోసి, అంచుకు మూలమట్టం ఆనించి చూడండి. వెలుతురు కనిపిస్తే బ్లేడు నిటారుగా లేనట్టే.

మామూలు బ్లేడు పళ్లు పైకి చూస్తుంటాయి. కోత పైకి వచ్చేటప్పుడు జరుగుతుంది కాబట్టి పై ముఖం మీదే ఈకలు లేస్తాయి. అందుకని బొమ్మ ముఖం కిందికి పెట్టి, వెనకవైపు గీసి కోస్తారు. ఇక్కడే జాగ్రత్త! వెనక గీసే బొమ్మను అద్దంలోలా తిప్పి గీయకపోతే స్వామి కుడిచేతి చక్రం ఎడమకు, ఎడమచేతి శంఖం కుడికి వెళ్లిపోతాయి.

మకరతోరణంలో ముందు లోపలి ఖాళీలు కోయాలి. బయటి అంచు ముందే తీసేస్తే పలక బలం పోయి, కోసేటప్పుడు అదురుతుంది. ప్రతి ఖాళీలోను మూలల్లో బ్లేడు పట్టేంత బెజ్జాలు వేసుకుని అక్కడి నుంచి మొదలుపెట్టాలి. పలకను కోతకు దగ్గరగా క్లాంపులతో బిగించాలి. మలుపు మరీ ఇరుకుగా ఉంటే వదిలేసే చెక్కలోకి పక్క నుంచి చిన్న కోతలు పెట్టుకుంటే ముక్కలు రాలిపోయి బ్లేడుకు తిరిగే చోటు దొరుకుతుంది. బ్లేడు పూర్తిగా ఆగాకే మిషన్ ఎత్తండి. రక్షణ కళ్లద్దాలు లేకుండా స్విచ్ వేయకండి.

ఏ కొయ్య మీద నేర్చుకుంటామన్నదీ ముఖ్యమే. బొమ్మల కొలువులో పెట్టే మరపాచి బొమ్మలు సంప్రదాయంగా మన ప్రాంతపు ఎర్రచందనంతో చేసేవి. నీళ్లలో వేస్తే మునిగేంత బరువైన కొయ్య అది. తూర్పు కనుమల దక్షిణ భాగంలో తప్ప మరెక్కడా సహజంగా పెరగదు. అడవిలో నరకడం నేరం. చట్టబద్ధంగా దొరికిన ముక్కయినా నేర్చుకునే చేతికి ఇవ్వకూడదని నా అభిప్రాయం. వేప ముక్క మీదో, 12 మిల్లీమీటర్ల ప్లైవుడ్ మీదో చేయి కుదిరాకే గట్టి కొయ్య ముట్టుకోండి.

శిల్పం కొనేవాళ్లకూ ఒక మాట. తోరణాన్ని ముందు నుంచి చూసి ఊరుకోకండి, వెనక్కి తిప్పి ఖాళీల అంచులు చూడండి. ముందు ఎంత నిటారుగా, ఎంత నున్నగా ఉన్నాయో వెనకా అలాగే ఉంటే, చేసినాయన అడిగిన ధర ఇచ్చేయండి.