బుట్టను గుర్తుపెట్టుకునే కుకీ

ఆన్‌లైన్ దుకాణంలో ఒక చీర, రెండు పుస్తకాలు బుట్టలో వేసి, కొనకుండానే మూసేస్తాం. మర్నాడు తెరిస్తే చాలాసార్లు అవి అక్కడే ఉంటాయి. మనం లాగిన్ కాలేదు, పేరైనా చెప్పలేదు. ఇదెంత గొప్ప పనో తెలియాలంటే వెబ్‌కి ఉన్న మతిమరుపు గురించి తెలియాలి. బ్రౌజర్ పేజీ అడుగుతుంది, దుకాణం సర్వర్ పంపుతుంది. అంతటితో సర్వర్ మనల్ని మర్చిపోతుంది. మరుక్షణం ఇంకో పేజీ అడిగినా దానికి మనం కొత్తవాళ్లమే.

1994లో బ్రౌజర్ తయారుచేసే నెట్‌స్కేప్ కంపెనీలో పనిచేస్తున్న లూ మాంటుల్లీ ముందుకు ఈ చిక్కే వచ్చింది. అమెరికా టెలిఫోన్ కంపెనీ ఎంసీఐకి ఆన్‌లైన్ దుకాణం కావాలి. కానీ కొంటారో కొనరో తెలియని బుట్టల వివరాలన్నీ తన సర్వర్లలో మోయడం దానికి ఇష్టం లేదు. బ్రౌజర్‌కి శాశ్వతంగా ఒక నంబరు ఇచ్చేస్తే సులువుగా తెమిలిపోయేది. మాంటుల్లీ ఆ దారి వద్దనుకున్నాడు. ఏ సైటుకు వెళ్లినా ఆ నంబరు మనల్ని పట్టించేది మరి. అందుకే ఏ సైటు కుకీ ఆ సైటుదే అయ్యేలా కట్టాడు. దుకాణం పేజీతోపాటు కుకీ అనే కొన్ని అక్షరాలు పంపుతుంది, బ్రౌజర్ దాచుకుంటుంది, మళ్లీ ఆ దుకాణానికి వెళ్లినప్పుడే వాటిని చూపిస్తుంది. మొత్తం పనితనంలో నాకు అన్నిటికన్నా నచ్చేది, సులువైన దారిని కాదన్న ఆ నిర్ణయమే.

బుట్టలోని సరుకుల వివరాన్నే కుకీలో రాసేయవచ్చు. ఇప్పుడు చాలా దుకాణాలు అందులో ఒక పొడుగాటి సంకేతం మాత్రమే ఉంచుతున్నాయి. గుడి దగ్గర చెప్పుల స్టాండులో ఇచ్చే బిళ్ల లాంటిదది. నంబరు ఉంటుంది, చెప్పుల వివరం ఉండదు. ఆ బిళ్ల వేరేవాళ్ల చేతికి చిక్కకూడదు కాబట్టే కుకీతోపాటు కొన్ని షరతులు కూడా వస్తాయి: ఎప్పటిదాకా చెల్లుతుంది, భద్రమైన కనెక్షన్‌లోనే పంపాలా, పేజీలో నడిచే ప్రోగ్రాములకు కనిపించకూడదా. ఇంతా చేసి కుకీ ప్రోగ్రామ్ కాదు, ఉత్త అక్షరాలే. ఒక్కో కుకీకి బ్రౌజర్లు సాధారణంగా ఇచ్చే చోటు సుమారు 4,096 బైట్లు. అంత చిన్న చోటులో ఇంత వ్యాపారం నడుస్తోందంటే ముచ్చటేస్తుంది.

అయితే ఒక సందు మిగిలిపోయింది, దాన్ని దాచి మెచ్చుకోవడం సరికాదు. దుకాణం పేజీలో ప్రకటన బొమ్మ వేరే కంపెనీ సర్వర్ నుంచి రావచ్చు. అప్పుడు ఆ కంపెనీ కూడా తన కుకీ పెట్టగలదు. వార్తల సైటులో అదే కంపెనీ ప్రకటన ఉంటే ఆ కుకీ మళ్లీ దాని చేతికి వెళ్తుంది. నిన్న చూసిన మిక్సీ ఇవాళ వార్తల పక్కన కనిపించడానికి తరచూ ఇదే కారణం. ఇలాంటి కుకీలను సఫారీ బ్రౌజర్ 2020 నుంచి దానంతటదే ఆపేస్తోంది. క్రోమ్‌లోనూ తీసేస్తామని ఆ ఏడాదే ప్రకటించిన గూగుల్, 2024లో వెనక్కి తగ్గింది.

బ్రౌజర్ సెట్టింగుల్లో ఈ బయటి కుకీలను మనమే ఆపుకోవచ్చు. బుట్టను గుర్తుపెట్టుకునేది దుకాణం సొంత కుకీ కాబట్టి మామూలుగా దానికేమీ కాదు. కుకీలన్నీ చెరిపేస్తే మాత్రం లాగిన్ కాకుండా నింపిన బుట్ట పోతుంది. లాగిన్ అయి నింపినది దుకాణంలోని మన ఖాతాలో ఉంటుంది, మళ్లీ లాగిన్ కాగానే కనిపిస్తుంది.