భామజడకు కడలిపాచి

చల్లపల్లి కాలువరేవు మెట్లమీద ఒకనాటి ఉదయము, మా అక్క మనుమరాలి నాట్యపు దుస్తులను జాడించుచుండగా, జడకుచ్చులనుండి ఊడిన చమ్కీలు పదిపండ్రెండు నీటిపై తేలి, ఎండ తగిలి తళుక్కుమని, మెల్లగా దిగువకు సాగిపోయినవి. పట్టుకొందమని వంగితినే గాని అవి నా వ్రేళ్ళ సందులనుండి జారిపోయినవి. ఆ పిల్ల వానివంకనే చూచుచు, "చిన్నమ్మమ్మా, చేపలు వీటిని మింగేస్తాయేమో!" అన్నది. విజయవాడ ఆనకట్ట కడ కృష్ణనుండి చీలి వచ్చు ఈ నీరు పొలములను తడిపి, మురుగుకాలువలలో పడి, తుదకు సముద్రమునే చేరును. దానివెంట ఆ ప్లాస్టిక్కు తళుకులును చేరును. పిల్ల మాటకు బదులు చెప్పలేక ఇంటికి వచ్చిన నాటినుండి నా మనస్సున ఒక సంకల్పము మొలకెత్తినది: రాబోవు సంక్రాంతికి ఈమె కట్టబోవు సత్యభామ వేషమునకు, కడలిలో పుట్టి, కొన్నినాళ్ళు వెలిగి, తిరిగి మట్టిలో కలిసిపోగల అలంకారమును నా చేతులతో సిద్ధము చేయవలెనని.

మా ఊరికి ఈ చింత క్రొత్తది కాదు. 2014వ సంవత్సరమునుండి స్వచ్ఛ చల్లపల్లి కార్యకర్తలు తెల్లవాఱకమునుపే చీపుళ్ళు పట్టి వీథులకు వచ్చుట మేమందఱము చూచుచున్నదే. వారి శ్రమను చూచినప్పుడెల్ల, ఊడ్చి ఎత్తిన చెత్తకన్న అసలు పుట్టని చెత్త మేలుగదా యని నాకు తోచును. చెత్త పుట్టునది వీథిలో కాదు. వస్తువును ఊహించినవాని మనస్సులోనే అది పుట్టుచున్నది.

సముద్రపు పాచి అనినంతనే ముక్కు చిట్లించువారు సయితము దానిని ఎఱుగకుండగనే తినియున్నారు. మిఠాయి కొట్టులో చైనా గ్రాస్ అని అమ్మెడు తెల్లని ఎండుపోగులు అగార్. అది జెలిడియెల్లా, గ్రాసిలేరియా మున్నగు ఎఱ్ఱజాతి శైవలములను ఉడికించి తీసిన జిగురు. గోధుమవన్నె గల సర్గాసము వంటి వానినుండి వచ్చునది ఆల్జినేటు. దీనిని 1881లో బ్రిటిషు రసాయనవేత్త స్టాన్‌ఫర్డు మొదట వేఱుపఱిచెను. రియాక్టివు రంగులతో గుడ్డలను అద్దువారు రంగును చిక్కబఱచుటకు వాడు జిగురు గూడ ఈ ఆల్జినేటే. గంజి పదార్థము రంగును తనతో బంధించుకొనును, ఇది బంధింపక రంగునంతటిని గుడ్డకే విడిచిపెట్టును. అనగా మన వస్త్రములకును కడలిపాచికిని చుట్టరికము ఇదివఱకే కలసియున్నది. మనము పేరు పెట్టి పిలువలేదంతే.

ఈ జిగురు పాచికి ఏల కావలసివచ్చెనో ఆలోచించిన కొలదియు నాకు దానియందు గౌరవము పెరిగినది. రేయింబవళ్ళు అలలు మొత్తుచుండగా రాతిని పట్టుకొని బ్రదుకవలసిన మొక్కకు చెట్టువలె బిఱుసుదనము పనికిరాదు, వంగవలెను, తెగరాదు. ఒంటిమీద ధరించు వస్తువునకు మాత్రము కావలసిన గుణము అంతకన్న మఱేమున్నది? రెండవ ప్రపంచయుద్ధకాలమున లీడ్సు విశ్వవిద్యాలయమున స్పీక్‌మన్ అను ఆచార్యుడు ఆల్జినేటునుండి నూలు తీసెను. ఆ నూలు సబ్బును సోడాయును కలిసిన నీటిలో కరగిపోవుచుండుటచే బట్టలకు పనికిరాదని తొలుత తోచినను, అల్లికలో కొంతసేపు ఆధారముగా నిలిచి, పని ముగియగనే కరగి తొలగిపోవలసిన దారముగా దానికొక సార్థకత లభించినది. నేడు గాయములపై కప్పు మెత్తని పట్టీలలోను ఈ నారయే ఉన్నది. 2013లో జూలియా లోమన్ అను రూపకర్త్రి లండనులోని విక్టోరియా ఆల్బర్టు ప్రదర్శనశాలలో ఉండి, పెద్ద పాచియాకులను తోలువలె మలచుటను అభ్యసించినది. ఏ పదార్థపు దోషము ఏ సందర్భమున గుణమగునో కనిపెట్టుటయే రూపకల్పనమున సగము పని యని ఈ వృత్తాంతములవలన తెలిసికొంటిని.

ఐతే ఆ పాచి మా ముంగిట లేదు. హంసలదీవి కడ కృష్ణ కడలిలో కలియు చోట నిలుచుండి చూచినచో, కనుచూపు మేర ఒండ్రు, ఇసుక, మడచెట్లు. శైవలము కాలూన దగిన బండ యొక్కటియు లేదు. ఇటువంటి పాచికి నెలవు విశాఖపట్టణపు రాతితీరము. అచ్చటి శైవలములు అలల పోటుపాటులనుబట్టి బండలపై ఏ ఎత్తున ఏవి యెట్లు అమరియున్నవో ఉమామహేశ్వరరావు, శ్రీరాములు అను శాస్త్రజ్ఞులు పరిశీలించి 1964లోనే ప్రకటించిరి. ఇక అగార్‌కు తగిన పాచి తమిళదేశమున మన్నారు సింధుశాఖ తీరములనుండి వచ్చును. దానిని నీట మునిగి బండలనుండి తెంచి తెచ్చువారు పెక్కురు బెస్త స్త్రీలు. వెదురు తెప్పలపై నలువదియైదు దినములకొక పంటగా పెంచు కప్పాఫైకస్ అను మఱియొక పాచియు అక్కడ కలదు గాని, అది మన సముద్రములకు స్థానికము కాదు. అచ్చటి పగడపు దిబ్బలపై అల్లుకొని వానికి కీడు చేయుచున్నదని శాస్త్రజ్ఞులు 2008లో హెచ్చరించియున్నారు. ప్రకృతినుండి వచ్చినంతమాత్రమున ఏ పదార్థమును నిర్దోషము కాదని గ్రహించి, నేను మొట్టమొదట వ్రాసికొన్న నియమము పరిమాణమును గూర్చినది: ఒక్క జడకు మాత్రమే, గుప్పెడు పొడికి మించకుండ.

పని వంటింటిలోనే ఆరంభించితిని. రెండువందల మిల్లీలీటర్ల నీటిలో నాలుగైదు గ్రాముల అగార్ పొడిని, చిన్న చెంచాడు గ్లిజరినును కలిపి, సన్నని సెగపై గరిటతో త్రిప్పుచు కాచి, స్టీలు పళ్ళెములో పలుచగా పోసితిని. అది క్షణములలో పేరుకొని అద్దమువలె నిగనిగలాడినది. కాని నాలుగు దినములు ఆఱునప్పటికి అంచులు లోనికి లాగుకొనిపోయి, కాల్చిన అప్పడమువలె వంకరలు తిరిగినది. పోసినదానిలో నీరు తప్ప పదార్థము అత్యల్పమగుటచే, నీరు పోయిన కొలది రేకు ముడుచుకొనక తప్పదు. మగ్గం పనికి బట్టను బిగించు చట్రమున పలుచని మల్లుగుడ్డను లాగికట్టి, దానిపై పోసిన పిదప గాని ఆ ముడుత అదుపులోనికి రాలేదు. గ్లిజరిను తగ్గిన రేకు పెళుసై విఱిగినది. హెచ్చినది చేతికి జిడ్డై అంటుకొన్నది. ఆషాఢపు ముసురులో పోసినది మూడవనాటికే బూజు పట్టినది. మా డెల్టాలోని గాలికి తడి యెక్కువ. ఇక్కడ రూపకర్త తన ఊహకన్న ముందు ఋతువును సంప్రదింపవలెను.

ఆల్జినేటు కథ వేఱు. దాని ద్రావణమును చుక్కచుక్కగా కాల్షియం క్లోరైడు కలిపిన నీటిలో విడిచినచో, ప్రతి చుక్కయు తాకిన తాకుడుననే పూసయగును; ఉడికిన సగ్గుబియ్యమువలె ఉన్న ఆ పూసలు ఆఱినపుడు ఆవగింజలంత యగును. వానిని దారమున గ్రుచ్చి హారము చేసి ఎంతయో మురిసితిని. కాని చెమటను తలచుకొని ఉప్పునీటిలో ముంచి చూడగా, ఉప్పులోని సోడియము కాల్షియమును త్రోసి దాని చోటు ఆక్రమించుటచే, పూసలు ఉబ్బి మెత్తబడినవి. దీపముల వేడిలో గంటసేపు ఆడు పిల్ల మెడలో ఆ హారమునకు నిలుకడ లేదు.

అప్పుడు నాకు జడ తోచినది. కూచిపూడి మాకు పొరుగూరు. భామాకలాపమున సత్యభామ జడ కేవలము కేశాలంకారము కాదు, ఆమె అభిమానమునకు పతాక. పాత్ర రంగమున ప్రవేశింపకమునుపే తెఱమీదుగా ఆ జడను వ్రేలవేయుట సంప్రదాయము. వేదాంతం సత్యనారాయణశర్మగారు స్త్రీవేషమున భామగా నిలిచి ఆ జడకు తెచ్చిన వైభవమును చూచినవారు ఈ ప్రాంతమున నేటికిని చెప్పుకొందురు. ఆ జడ వీపుపై, బట్టమీద, చెమటకు దూరముగా వ్రేలును. నర్తకి తిరిగినపుడెల్ల తానును తిరుగును గనుక తేలికగా ఉండవలెను, వంగవలెను. కూచిపూడివారు పూర్వము తేలికయైన బూరుగు చెక్కతో ఆభరణములు చేయించుకొనుటలోని వివేకము ఇదియే. పదార్థమునకు తగిన చోటు శరీరముపై ఎక్కడనో కలదు. దానిని వెదకకుండ పదార్థమును నిందించుట న్యాయము కాదు.

రంగు కొఱకు పెడన పోయితిని. అచ్చటి కలంకారీ పనివారు బట్టను పేడనీట నానబెట్టి, ఎండబెట్టి, కరక్కాయ రసమున ముంచి, టేకు అచ్చులతో అద్దుదురు. తుప్పుపట్టిన ఇనుమును బెల్లముతో ఊరబెట్టిన కసీము తాకిన చోట నలుపు తేలును, పటిక తాకిన చోట ఎఱుపు నిలుచును. ఆ ఎఱుపుకు పూర్వము ఆధారము, గుల్లసున్నము కలసిన తీరపు ఇసుకనేలలలో పెరుగు చిరువేరు. డచ్చివారు 1606లో నిజాంపట్టణమున, ఆంగ్లేయులు 1611లో మచిలీపట్టణమున వర్తకశాలలు పెట్టుకొనుటకు ఈ తీరపు అద్దకపు వస్త్రములు ముఖ్యకారణము. ఆ పనివారి పద్ధతినే అనుసరించి, కరక్కాయ కషాయము కలిపిన అగార్ రేకుపై కసీము నీరు కుంచెతో తాకింపగా, కాటుకవంటి నలుపు పాఱినది. తళుకునకు గూడూరు అభ్రకపు పొడిని చిటికెడు చల్లితిని. ప్రక్కవారెవరో ఇది క్రొత్త విద్యయని మెచ్చుకొనిరి గాని, ఇందులో క్రొత్తది పాచి యొక్కటియే. తక్కినదంతయు ఈ నేల ఎఱిగినదే.

నిజమునకు, నశించు ఆభరణమును ధరించుట మన జాతికి అపూర్వము కాదు. తెలుగున కమ్మ యనిన తాటాకు. కమ్మ యనిన చెవికి పెట్టుకొను నగ. ఆకు చుట్టి చెవికి పెట్టుకొన్న కాలమును ఆ మాట నేటికిని మోయుచున్నది. సాయంకాలము తుఱిమిన మల్లెలు మఱునాడు వాడునని తెలిసియు ఏ యాడుబిడ్డయు వానిని తక్కువ చేయలేదు. ఉండవలసినంత కాలము ఉండి, పోవలసిన వేళ పోవుటయే వాని శోభ. ఊడిన వెనుక నూఱేండ్లు కాలువలో ఉండిపోవు తళుకును ఒక్క సాయంకాలపు వేడుకకు వాడుట యందే నాకు అపచారము కనబడుచున్నది. కనుక నా ప్రణాళికా పుస్తకమున ప్రతి వస్తువునకు ఎదురుగా రూపముకన్న ముందు దాని అంత్యమును వ్రాయుచున్నాను: ఇది ఎన్నినాళ్ళు ఉండవలెను, ఎవరి చేతిలో విడివడవలెను, ఏ మట్టిలో కలియవలెను. ఆ గడి నిండని వస్తువును మొదలుపెట్టను.

ఆ పద్ధతిననే పని కుదిరినది. జడకు ఆధారము పెడన గుడ్డ. అది ఏండ్ల తరబడి నిలుచును. దానిపై రెండువందల అగార్ చమ్కీలు, నడుమ సూర్యచంద్రుల బిళ్ళలు బూరుగు చెక్కవి. చమ్కీలను కుట్టునది నూలుదారము. మగ్గం పని చేయు మా వీథి యిల్లాలు, రేకు పూర్తిగా ఆఱక తోలువలె ఉన్నప్పుడే సూదికి బెజ్జము వేయవలెనని, ఆఱిన పిదప వేసినచో పగులునని మొదటి చూపులోనే చెప్పినది. నేను నెల దినములు తంటాలుపడియు కనిపెట్టలేని మాట అది. కార్తికమున గాలివాన భయము తీరిన పిదప, మార్గశిరమున మంచు విడిచిన మధ్యాహ్నములలో రేకులు పోయుదుము. ఆఱిన చమ్కీలను మూటగట్టి బియ్యపు డబ్బాలో దాచుదుము, బియ్యము తడిని పీల్చుకొనును గనుక. జడను ఉదుకరాదు, ఆట ముగిసిన పిదప చమ్కీలను విప్పి, గుడ్డను మాత్రమే ఉదుకవలెను. ఈ నియమము పిల్లకు ముందే చెప్పితిని; ధరించువారికి తెలియని జాగ్రత్త రూపకల్పనలో లేనట్లే.

ఒక పరీక్ష మిగిలినది. శ్రావణమున మల్లెకుండీలో అయిదు చమ్కీలను పాతిపెట్టి, ప్రక్కన పుల్ల గ్రుచ్చితిమి. నెల దాటిన పిదప మొన్న ఆదివారము ఆ పిల్లయే వ్రేళ్ళతో మట్టిని కెలికి చూచినది. రేకులు లేవు. చాలసేపు వెదకి, అరచేతిలోని మట్టిని ఎండకు పట్టి, "తళుకు మట్టిలోనే ఉంది చిన్నమ్మమ్మా" అన్నది. చూడగా నిజమే, గూడూరు అభ్రకము, మా కుండీమట్టిలో సన్నని గీతలుగా మెఱయుచున్నది. రాతినుండి వచ్చినది నేలకు చేరినది. కడలినుండి వచ్చినది మల్లెవేళ్ళకు చేరినది. పిల్ల చేయి కడుగుకొనక, ఆ మట్టిని తిరిగి కుండీలో సర్ది, రెండువందల చమ్కీలకు ఎన్ని రేకులు పోయవలెనో లెక్క వ్రాయుటకు నా పుస్తకమును తెచ్చినది.