గడీ ముందు దేవుళ్లు, గల్లీలో మేము

దాశరథి రంగాచార్య 'జీవనయానం' తెరిచినప్పుడల్లా మాకు ప్రేమా కలుగుతుంది, కోపమూ వస్తుంది. ప్రేమ సంగతి ముందు చెప్పుకోవాలి.

1928లో ఇప్పటి మహబూబాబాద్ జిల్లా చినగూడూరులో, వైష్ణవ బ్రాహ్మణ కుటుంబంలో పుట్టిన ఈ నవలాకారుడు ఉర్దూను శత్రువు భాషగా చూడలేదు. ఆయన అన్న కృష్ణమాచార్యా అంతే. నిజామును ఎదిరించి జైలుకు పోయి, అక్కడ కూడా పద్యాలు రాసిన మనిషే 1961లో 'గాలిబ్ గీతాలు' తెచ్చాడు. రాజును తిట్టడానికి భాషను తిట్టనక్కర్లేదని ఈ అన్నదమ్ములకు తెలుసు. తెలంగాణ తెలుగును 'తౌరక్యాంధ్రం' అని ఎక్కిరించిన పండితులకే తెలియలేదు. ఆ ఎక్కిరింపులో సగం దెబ్బ మాకు తగిలింది. దస్తావేజు, వకీలు, ఫిర్యాదు, ఖర్చు అనకుండా ఆ పండితులు ఒక్కరోజు కచేరీలో పని గడుపుకోగలరా?

రంగాచార్య నవలల్లో మాకు అన్నిటికన్నా విలువైనది 'చిల్లర దేవుళ్లు'. ఆ పేరులోనే సాక్ష్యం ఉంది. తెలంగాణ పల్లెను పీడించిన చిల్లర దేవుళ్లెవరు? గడీలో దేశ్‌ముఖ్, పక్కన కరణం. వెట్టి చేయించుకున్నది వాళ్లు, ఆడబాపలను ఉంచుకున్నది వాళ్లు. నిజాం పాలన పల్లెకు దిగింది వాళ్ల భుజాల మీదనే. నిజాం కాలమంటే 'తురకల రాజ్యం' అని ఒక్క మాటలో తేల్చేవాళ్లు ఈ నవలను మళ్లీ చదవాలి. విసునూరు దేశ్‌ముఖ్‌ను భూమి కోసం ఎదిరించినందుకు 1940లో ప్రాణం పోగొట్టుకున్న షేక్ బందగీ ఏ రాజ్యానికి చెందినవాడు? రజాకార్లను వ్యతిరేకించి రాసినందుకు 1948 ఆగస్టులో హత్యకు గురైన 'ఇమ్రోజ్' సంపాదకుడు షోయబుల్లా ఖాన్ ఎవరివాడు?

పరకాలలో కూర్చుని ఈ ప్రశ్నలు అడగడం తేలిక కాదు. 1947 సెప్టెంబర్ 2న ఇక్కడ జాతీయ జెండా ఎగరేయడానికి వచ్చిన జనం మీద నిజాం పోలీసులు, రజాకార్లు కాల్పులు జరిపారు. 22 మంది చనిపోయారని చెప్పుకుంటారు. 2003లో కట్టిన అమరధామం వాళ్ల గుర్తే. ఆ చావులను తక్కువ చేసి మాట్లాడే హక్కు ఎవరికీ లేదు, మాకసలే లేదు. కానీ ఏటా సెప్టెంబర్ వచ్చేసరికి బడిలో మా పిల్లవాడి వైపు తిరిగే చూపులున్నాయే, వాటి సంగతి ఏ స్మారకం మీదా రాసి ఉండదు.

ఇక కోపం. తన ఊరిని, పండుగలను, ఉద్యమాన్ని ఓపికగా రాసుకున్న రంగాచార్య మా గుమ్మం దాకా వస్తాడు, లోపలికి రాడు. మా పఠనంలో మాకు దొరికిన ముస్లిం ఎక్కువగా వీధి మనిషే: ఉద్యోగో, రజాకారో, మంచి స్నేహితుడో. దూది ఏకేవాడి ఇంట్లో రాత్రి ఏం వండుకున్నారు? గాజులమ్మే బూబమ్మ పీర్ల పండుగకు ఎవరి దగ్గర అప్పు చేసింది? ఇది ఆయన నిజాయితీ లోపమని మేము అనడం లేదు. నిలబడ్డ చోటు నుంచి కనిపించినంత రాశాడు. అయితే ఆ చోటే మొత్తం తెలంగాణ అని చదువుకున్న విమర్శకుల మీద మాకు ఫిర్యాదుంది.

సగం తప్పు మాది కూడా. 1991లో ఖాదర్ మొహియుద్దీన్ 'పుట్టుమచ్చ' వచ్చింది. 1998లో 'జల్‌జలా', 2004లో 'వతన్' వచ్చాయి. కవిత్వంలో, కథలో గొంతు విప్పాం. తీరిగ్గా కూర్చుని రోజువారీ బతుకును వందల పేజీల్లో రాసుకునే పని మాత్రం మా దగ్గర ఇంకా పలచనే. 1948 పోలీసు చర్య తర్వాతి హత్యల మీద సుందర్‌లాల్ కమిటీ 27 వేల నుంచి 40 వేల ప్రాణాల లెక్క చెప్పింది. ఆ ఘోరం ఎక్కువగా ఉస్మానాబాద్, నాందేడ్, బీదర్, గుల్బర్గా వైపు జరిగింది. మా వైపు భయం జరిగింది. భయానికి కమిటీ ఉండదు కదా!

ఆ నెల మా దాదీ ఒక పద్మశాలీల ఇంట్లో తలదాచుకుంది. అడిగితే రజాకార్ల గురించీ చెప్పేది కాదు, మిలిటరీ గురించీ చెప్పేది కాదు. మగ్గం గుంటలో కాళ్లు ముడుచుకుని పడుకుంటే నిద్ర పట్టేది కాదని, ఆ ఇంటావిడ తెల్లారగట్ల జొన్నగటక తెచ్చిచ్చేదని చెప్పేది. ఆవిడ పేరేమిటో, ఆ గుంట ఎంత లోతుండేదో అడగాలని మాకు తోచేసరికి దాదీ లేదు.